గాలిని కొట్టు సాము

చదువవలసిన వాక్యభాగములు: 1 సమూయేలు 17:31–40, లూకా 16:10, 1 కొరింథీయులకు 6:12, 9:24–27



ఈ నెల పాఠపు అంశమును నేను ఏర్పరచుకొనలేదు. మన లక్సెట్టిపేటలో ఒక యౌవనస్థుడు అడిగిన ప్రశ్న నుండి అది పుట్టినది. ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరును వెళ్లిపోవుచుండగా, డిగ్రీ చదువుచున్న ఆ పిల్లవాడు గుడి మెట్ల యొద్ద నిలిచి, "అయ్యగారూ, నేను కంప్యూటర్ల కత్తిసాము ఆట ఆడుతున్న. మా అమ్మ గది పాపమంటది. నిజంగ పాపమేనా?" అని అడిగెను.

పాపమే అని చెప్పి పంపివేయుట సులభము. అయితే సంగతి వినకముందే ఉత్తరమిచ్చుట బుద్ధిహీనత అని సామెతల గ్రంథము 18వ అధ్యాయములో జ్ఞాని హెచ్చరించుచున్నాడు. కాబట్టి నేను, "బిడ్డా, ముందుగాల నాకు చూపెట్టు. చూసినంక చెప్త" అంటిని. ఆ సాయంకాలమే వారింటికి వెళ్లి, అతని ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుంటిని.

1. ఆ ఆట ఎట్టిది?

ఆ ఆట పేరు 'వేర్ విండ్స్ మీట్', అనగా గాలులు కలిసికొను చోటు. చైనా దేశపు నెట్‌ఈజ్ సంస్థకు చెందిన ఎవర్‌స్టోన్ స్టూడియో వారు దీనిని తయారుచేసిరి. 2024 డిసెంబరులో చైనాలోను, 2025 నవంబరులో ఇతర దేశములలోను ఇది విడుదలైనది.

కథాకాలము 10వ శతాబ్దము. 907 మొదలు 960 వరకు ఉత్తర చైనాలో ఐదు రాజవంశములు ఒకదాని వెంట ఒకటి లేచి కూలిపోయెను. 960లో కైఫెంగ్ పట్టణము రాజధానిగా సోంగ్ వంశము ఆరంభమాయెను. అట్టి అల్లకల్లోల దినములలో ఒక యువ ఖడ్గవీరుడు దేశసంచారము చేయును. ఆడువాడే ఆ వీరుడు. అతడు కొండలెక్కవచ్చును, నీళ్లమీద పరుగెత్తవచ్చును, కత్తి, బల్లెము, విసనకఱ్ఱ, గొడుగు కూడ ఆయుధములుగా పట్టవచ్చును. జంతువుల కదలికలను గమనించి కొత్త విద్య నేర్చుకొనవచ్చును. ఇటు పొమ్మని, అటు పోవద్దని శాసించువాడు లేడు. ఇట్టి ఆటలను ఓపెన్ వరల్డ్ ఆటలందురు.

ఈ కథలకు మూలము చైనీయుల 'వూషియా' సాహిత్యము. 'వూ' అనగా యుద్ధవిద్య. 'షియా' అనగా ఆ విద్యను బలహీనుల పక్షమున వాడు ధర్మవీరుడు. హాంకాంగ్ రచయిత జిన్ యోంగ్ 1955 నుండి వార్తాపత్రికలలో ధారావాహికలుగా వ్రాసిన నవలల వలన ఈ వీరులు చైనీయుల ఇంటింట పరిచితులైరి.

2. అందులో మంచి లేదా?

ఉన్నది. ఉన్నదానిని లేదనుట అబద్ధమాడుట యగును. ఆ వీరుడు దొంగల నుండి బాటసారులను కాపాడును. వైద్యవృత్తి చేపట్టి రోగులను బాగుచేయును. నిరపరాధులను కొట్టినను, దొంగిలించినను అతని తలకు వెల కట్టబడును. పట్టుబడిన యెడల చెరసాలలో కూర్చుండవలెను. బలవంతుడైన శత్రువు చేతిలో ఓడినవాడు, తన తప్పేదో తెలిసికొని మరల ప్రయత్నించవలెను.

"అయ్యగారూ, గీడ కష్టపడితే కష్టపడ్డంత వస్తది" అని ఆ పిల్లవాడు చెప్పినప్పుడు నా గుండె కలుక్కుమనెను. రెండు సార్లు ఉద్యోగ పరీక్ష వ్రాసి రెండు సార్లును తప్పినవాడు అతడు. చేసిన శ్రమకు ఫలము చూడవలెననియు, ఒకరికి పనికిరావలెననియు, తన బలము పెరుగవలెననియు మనుష్యుడు కోరుట తప్పు కాదు. ఆ కోరికను మనలో ఉంచినవాడు దేవుడే. ఆకలి మంచిదే, అయితే ఆ ఆకలికి ఏమి తినుచున్నామో చూచుకొనవలెను.

3. బోధకుడు జారిన చోటు

ఇక్కడ నా సంగతి దాచక చెప్పవలెను. ఆ పిల్లవాని పరీక్షలు దగ్గరపడగా అతని తల్లి ఆ ల్యాప్‌టాప్‌ను తెచ్చి, "పరీక్షలైపోయేదాక మీ దగ్గర్నే ఉంచుండ్రి అయ్యగారూ, మీ ఇంట్ల ఉంటే నాకు నిమ్మళం" అని నాకప్పగించెను. యౌవనస్థుల మనస్సు గ్రహించుటకని చెప్పుకొని నేను దానిని తెరచితిని. మొదటి రాత్రి అరగంట. రెండవ రాత్రి రెండు గంటలు. మూడవ రాత్రి తల యెత్తి గోడ గడియారము చూచునప్పటికి ఒంటిగంట దాటినది. ఆదివారపు ప్రసంగమునకు ఒక్క పంక్తి వ్రాయలేదు.

నాలుగవ దినమున పొద్దుగూకు వేళ నా భార్య వచ్చి, "కాలువ దిక్కు అవ్వకు జ్వరమట. జర పోయి ప్రార్థన చేసి రారాదుండ్రి" అనెను. ఆ నిమిషమున నేను ఆటలో వైద్యుడనై ఒక రోగికి చికిత్స చేయుచుంటిని. "గిప్పుడే పోత" అంటిని. పోలేదు. మరుసటి దినమును పోలేదు. మూడవ దినమున వెళ్లునప్పటికి అవ్వకు జ్వరము తగ్గి, గోడకానుకొని కూర్చుండి యుండెను. ఆమె నన్ను ఏమియు అనలేదు. "మీకేం తక్కువ పనులా అయ్యా, ఊరందరికి నువ్వొక్కనివే కదా" అని తానే నా కొరకు సాకు చెప్పెను. ఆ సాకు నన్ను గద్దింపు కంటె ఎక్కువగా పొడిచెను.

ఆటలోని రోగి నేను మరల తెరచువరకు వేచియుండును. అవ్వ జ్వరము నా కొరకు వేచియుండలేదు. ఆ రెండు రాత్రులు ఆమెకు నీళ్లిచ్చినది ప్రక్కింటి స్త్రీ. ఆమె మన సంఘస్థురాలు కాదు.

4. గాలిని కొట్టుట అనగా నేమి?

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు పరుగు పందెమును, ముష్టియుద్ధమును ఉపమానములుగా తీసికొనెను. ఆ పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకసారి ఇస్త్మియా క్రీడలు జరుగుచుండెను గనుక, ఆ మాటలు వారికి వెంటనే తెలిసినవి. అక్కడ గెలిచినవారికి ఆకుల కిరీటమే బహుమానము. తాను గాలిని కొట్టువానివలె పోరాడుట లేదని పౌలు చెప్పెను. గాలిని కొట్టు పిడికిలి ఎవరిని తాకదు; ఎదుటినుండి దెబ్బయును రాదు. చేయి అలసిపోవును గాని పని జరుగదు.

కఱ్ఱసాము నేర్చినవారిని అడిగి చూడుడి. అరచేతులు బొబ్బలెక్కును, భుజములు రాత్రి నిద్రపోనియ్యవు, ఎదుటివాని కఱ్ఱ తగిలిన చోట వారము దినములు కమిలియుండును. ఆ నొప్పిలోనుండి ఓర్పు, భయభక్తులు, ఎదుటివానియెడల మర్యాద పుట్టును. తెరమీది వీరుడు వేయి యుద్ధములు గెలిచినను ఆడువాని భుజములు మెత్తగానే యుండును. అతడు పడిపోయినను కొంచెము వెనుకటి చోట మరల లేచును.

దావీదు సంగతి జ్ఞాపకము చేసికొనుడి. సౌలు అతనికి తన సొంత కవచము తొడిగి, ఇత్తడి శిరస్త్రాణము పెట్టెను. అవి రాజుగారివి, మేలైనవి. అయితే తాను వాటిని పరీక్షించి చూడలేదని దావీదు వాటిని విప్పివేసెను. అతడు పరీక్షించి చూచినది వేరు. తండ్రి గొఱ్ఱెల మందలో, ఎవరును చూడనిచోట, ఒక గొఱ్ఱెపిల్ల కొరకు సింహము నోటికి, ఎలుగుబంటి నోటికి అడ్డుపడిన దినములవి. చప్పట్లు లేవు, లెక్కవేసి అంకెలు చూపువారు లేరు. గొల్యాతును గెలిచిన బలము అక్కడ పెరిగినది.

ఆటలో మనకు దొరకు బలము సౌలు కవచము వంటిది. చూచుటకు బాగుండును. దానిని తొడుగుకొని నిజమైన పొలములో నాలుగడుగులు నడువలేము. చిన్న విషయములో నమ్మకముగా ఉండువాడే పెద్ద విషయములోను నమ్మకముగా ఉండునని ప్రభువు నేర్పెను. ఆ చిన్న విషయములు మన ఇంటిలోనే ఉన్నవి.

5. ఆట యజమాని యగు వేళ

అయితే ఆడనే కూడదా? నేను అట్లు చెప్పను. అన్నిటియందు తనకు స్వాతంత్ర్యమున్నను దేనిచేతను తాను ఏలబడనని పౌలు నిశ్చయించుకొనెను. మనము అడుగవలసిన ప్రశ్న అదే: నేను దీనిని ఏలుచున్నానా, ఇది నన్ను ఏలుచున్నదా?

లోకములోని వైద్యులును ఇట్టి ప్రశ్ననే అడుగుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుండి అమలుపరచిన రోగముల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చినది. అదుపు తప్పుట, ఇతర పనులన్నిటికంటె ఆటకే పెద్దపీట వేయుట, నష్టము కనబడుచున్నను మానలేకపోవుట దాని గుర్తులు. సాధారణముగా ఇవి 12 నెలలైనను కనబడవలెను. ఆడువారిలో కొద్దిమందికే ఈ స్థితి కలుగునని కూడ వారు చెప్పుచున్నారు. కాబట్టి ప్రతి పిల్లవానిని రోగి యనుట న్యాయము కాదు.

ధనము విషయమై ఒక మాట. పందెము కాసి సొమ్ము గెలుచు ఆన్‌లైన్ ఆటలను మన తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నిషేధించెను. 2025లో కేంద్ర ప్రభుత్వమును చట్టము చేసెను. నేను చెప్పుచున్న ఆట అట్టిది కాదు, ఉచితముగానే ఆడవచ్చును. అయినను వీరుని సొగసైన వస్త్రముల కొరకు డబ్బు పెట్టి చీటీ లాగినట్లు అదృష్టము చూచుకొను ఏర్పాటు అందులో ఉన్నది. తండ్రి పత్తి చేనులో సంపాదించిన కూలి, తెరమీది బొమ్మకు అంగీ కాకుండ చూచుకొనుడి.

తల్లిదండ్రులారా, కోపముతో పెరికివేసికొనుటకు ముందు ఒక గంట పిల్లవాని ప్రక్కన కూర్చుండి, "గిదేంది బిడ్డా? నీకు గిందుల ఏం నచ్చింది?" అని అడుగుడి. అతడు చెప్పు జవాబులో అతని దుఃఖము కూడ వినబడవచ్చును. మన చేతి ఫోనులో మనము ఎన్ని గంటలు పోగొట్టుచున్నామో కూడ లెక్కవేసికొనుడి.

6. ఆ పిల్లవానికి చెప్పిన మాట

పరీక్షలైన తరువాత ల్యాప్‌టాప్ తీసికొనిపోవుటకు అతడు వచ్చెను. నేను జరిగినదంతయు అతనితో ఒప్పుకొంటిని. అతడు మొదట నవ్వెను, తరువాత నవ్వు ఆపి, "మీక్కూడ గట్లనే అయిందా అయ్యగారూ?" అనెను. "అయింది బిడ్డా. ఆట పాపమని నేను చెప్ప. అవ్వ పిలిస్తే పోకపోవుడు మాత్రం నా పాపమే" అంటిని. అతడు చాలసేపు మాటలాడలేదు. తల్లి రెండు సార్లు పిలిచినను వినబడని దినములు తనకును ఉన్నవని చివరకు చెప్పెను.

ఆ సాయంకాలము అతని బండిమీద ఇద్దరము అవ్వ ఇంటికి వెళ్లితిమి. నేను వాక్యము చదువుచుండగా, ఎవరును చెప్పకయే అతడు లేచి, వీధి నల్లా యొద్ద రెండు బిందెలు నింపి తెచ్చి అరుగుమీద పెట్టెను. అతని అంగీ తడిసినది. అవ్వ కొంగుతో ఆ తడి తుడిచి, "ఎవల పిల్లగానివి నాయినా?" అని అడిగెను.

అతడిప్పటికిని ఆ ఆట ఆడుచున్నాడు. శనివారము సాయంకాలము మాత్రము నాతోకూడ వచ్చుచున్నాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ వారములో నేను "ఇప్పుడే వస్తాను" అని చెప్పి వెళ్లని చోటు ఏది? అక్కడ ఎవరు వేచియుండిరి?
2. దావీదునకు గొఱ్ఱెల మంద ఎట్టిదో, నాకు అట్టి చిన్న పని దేవుడు ఏది ఇచ్చియున్నాడు?
3. మన సంఘములో శ్రమకు ఫలము చూడక నిరాశపడిన యౌవనస్థులకు మనము ఏ పని అప్పగించితిమి?

ప్రార్థన: ప్రభువా, మా చేతులకు నీవిచ్చిన బలము గాలిలో కలిసిపోకుండ కాపాడుము. పిలిచినవారి స్వరము మా చెవులకు వినబడనిమ్ము. ఆమేన్.