చిత్రకళాచార్యుడు దామెర్ల రామారావు

అనంతపురము పీఠభూమికి దక్షిణపు కొసన, కర్ణాటక సరిహద్దునకు చేరువగా చిలమత్తూరు గలదు. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఈ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఇది వాన చాలని నేల. ఎఱ్ఱమట్టి, గుండ్లబండలు, వేరుసెనగ చేలు, నీటికై ఎదురుచూచు చెరువులు ఇచ్చటి దృశ్యములు. కాని యీ నేలకు వానల కరవు గలదే గాని చిత్రకళకు కరవు లేదు. చిలమత్తూరునకు సమీపముననే లేపాక్షి యున్నది.

16వ శతాబ్దమున, విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున, పెనుగొండలో కోశాధికారిగా నుండిన విరుపణ్ణ లేపాక్షి వీరభద్రాలయమును నిర్మింపజేసెనని ప్రసిద్ధి. ఆ యాలయ మండపములలో పైకప్పునకు అడుగున గచ్చు పూసి, దానిపై నాటి చిత్రకారులు బొమ్మలు వ్రాసిరి. పార్వతీ కల్యాణము, కిరాతార్జునుల కథ, శ్రీరామ పట్టాభిషేకము అచ్చట నేటికిని చూడవచ్చును. ఆ చిత్రములలోని స్త్రీల చీరల అంచులను, పురుషుల పొడవైన కుళ్లాయిలను చూచి నాటి వేషభాషలలో వేషమెట్టిదో మనము తెలిసికొనుచున్నాము. ఆ రంగులలో ఎక్కువ భాగము మట్టినుండియు, మసినుండియు, సున్నమునుండియు చేసికొన్నవే.

ఆలయమును కట్టించిన విరుపణ్ణ పేరు నేటికిని వినవచ్చుచున్నది. బొమ్మలు వ్రాసినవారి పేర్లు మాత్రము మనకు తెలియవు. వారి చేతికి మొట్టమొదట కుంచె నిచ్చి, గీత గీయుట నేర్పిన గురువుల పేర్లు అంతకంటెను తెలియవు. గురువు లేక యంతటి విద్య పుట్టినదని ఎవరును తలపరు. ఆ గురువులను తలచుకొనువారే లేకపోయిరి.

అట్లు మరుగున పడక, శిష్యుల శ్రద్ధవలన పేరు నిలిచిన చిత్రకళాచార్యుడొకడు తెలుగునాట గలడు. ఆయన పుట్టినది లేపాక్షికి చాల దూరమున, గోదావరీ తీరమున. జీవించినది ముప్పది యేండ్లయినను కాదు. ఆయనయే దామెర్ల రామారావు.

రామారావు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి వేంకటరమణరావు వైద్యుడు, తల్లి లక్ష్మీదేవి. ఆ కాలమున తెలుగుదేశమున చిత్రకళ దిక్కులేని స్థితిలో నుండెను. చిత్రకారులను పోషించిన రాజాస్థానములు చాలవరకు అంతరించినవి. అచ్చుయంత్రముల నుండి వచ్చిన రవివర్మ దేవతాపటములు ఇంటింట గోడల నలంకరించుచుండెను. అవి చూడ ముచ్చటైనవే గాని, వానిని కొనినంత మాత్రమున ఊరిలో చిత్రకారుడు పుట్టడు. పాఠశాలలలో చిత్రలేఖనము నేర్పినను, అది యెక్కువగా ముందుంచిన నమూనాను చూచి నకలు తీయుటయే. తన కంటితో లోకమును చూచి వ్రాయుము అని చెప్పువారరుదు.

అట్టి మాట చెప్పగలిగిన ఆచార్యుడు రాజమహేంద్రవరమునకు విదేశమునుండి వచ్చెను. ఆయన పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లండు దేశీయుడు; కవి, చిత్రకారుడు. ఆయన 1909లో రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు వచ్చి, సుమారు పదియేండ్లు అచ్చట అధ్యక్ష పదవి నిర్వహించెను. పాలకజాతివాడయ్యును, పాలింపబడు జనుల కళలను చులకనగా చూడలేదు. ఈ దేశపు చిత్రకారుడు ఈ దేశపు కళనే మూలముగా గ్రహింపవలెనని ఆయన తలంపు. అందుచేత తన ప్రియశిష్యులను అజంతా గుహలకు తోడ్కొనిపోయి, అచ్చటి కుడ్యచిత్రములను చూపించెను. దామెర్ల రామారావు, వరదా వెంకటరత్నము, అడివి బాపిరాజు మున్నగు యువకులు ఆయన ఆదరమునకు పాత్రులైరి.

రామారావు చిత్రించిన బొమ్మలను కూల్డ్రే చూచి, ఆ బాలునిలోని ప్రతిభను కనిపెట్టెను. వైద్యుని కుమారుడు చిత్రకారుడగుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. ఉద్యోగమో, వకీలుపనియో, వైద్యమో చేసినవారికే గౌరవము గలిగిన కాలమది. అయినను గురువు ప్రోత్సాహమున రామారావు 1916లో బొంబాయికి పోయి, జె.జె. చిత్రకళాశాలలో చేరెను.

ఆ కళాశాలలో పాశ్చాత్య పద్ధతిపై శిక్షణ నిచ్చుచుండిరి. మనిషిని ఎదుట నిలిపి చూచి వ్రాయుట, ఎముకల కూర్పును కండరముల పొందికను గ్రహించుట, దగ్గరి వస్తువు పెద్దదిగను దూరపు వస్తువు చిన్నదిగను కనబడునట్లు చిత్రించుట, వెలుగునీడలను విడదీయుట మొదలగునవి అచ్చట నేర్వవలసిన పాఠములు. రామారావు వానిని శ్రద్ధతో నేర్చి, 1920 నాటికి విద్య ముగించెను. బొంబాయి మహానగరము, చిత్రకారునకు అచ్చట పేరు, ధనము, పరిచయములు సంపాదించుకొను నవకాశము లుండెను. రామారావు వానిని వదలి రాజమహేంద్రవరమునకు మరలి వచ్చెను. తాను నేర్చిన విద్య తన ఊరిలో లేదు గనుకనే, తాను ఊరిలో నుండవలెనని ఆయన భావించెను. ఆయన జీవితమునకు అర్థమిచ్చినది ఈ నిర్ణయమే.

ఆనాడు దేశమున చిత్రకారుల ముందు రెండు త్రోవలుండెను. ఒకటి ఐరోపా చిత్రకారులవలె తైలవర్ణములతో ఉన్నది ఉన్నట్లు చిత్రించుట. రెండవది అవనీంద్రనాథ ఠాకూరు మొదలగువారు వంగదేశమున ప్రారంభించిన పద్ధతి. ఈ పద్ధతిలో నీటిరంగులను మంచు పొరలవలె పలుచగా పరచి, భావమునకే ప్రాధాన్యమిచ్చుదురు. రామారావు ఈ రెంటిలో దేనికిని దాసుడు కాలేదు. బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణ జ్ఞానమును విడువలేదు. అజంతాలో చూచిన గీతలోని సొంపును విడువలేదు. ఈ రెంటిని కలిపి, తాను ప్రతిదినము చూచు తెలుగు మనుష్యులను, తెలుగు నేలను చిత్రింపబూనెను. ఆయన బొమ్మలలోని స్త్రీలు మన యిండ్లలో తిరుగు స్త్రీలవలెనే యుందురు. రంగు పలుచనిది; గీత స్థిరమైనది.

పుష్పాలంకారము, సిద్ధార్థ రాగోదయము, ఋష్యశృంగ బంధనము అనునవి ఆయన చిత్రములలో ప్రసిద్ధములు. రాజకుమారుడగు సిద్ధార్థుని మనస్సున యశోధరపై అనురాగము పొడసూపిన ఘట్టమును ఒకదానియందు, అడవి దాటి యెరుగని ఋషికుమారుడు వారకాంతల మాయకు లోబడిన కథను వేరొకదానియందు ఆయన చిత్రించెను. కథలు పాతవే. కాని వానిలో ఆయన వెదకినది మనుష్యుని మనస్సు మారు క్షణము. గోదావరి కొండల నడుమ నుండి ప్రవహించు దృశ్యమును సైతము ఆయన చిత్రించెను. తన యూరి నదిని అంతకుముందు లక్షలమంది చూచియుందురు. చూచినదానిని నిలుపుటకు మాత్రము చిత్రకారుడు కావలసివచ్చెను.

రామారావు తాను చిత్రములు వ్రాసికొని కూర్చుండిన యెడల, మంచి చిత్రకారుడుగా మాత్రమే పేరొందియుండును. ఆయన కోరిక అంతటితో తీరలేదు. 1922-23 ప్రాంతమున మిత్రులతో గలిసి భారతీయ చిత్రకళాభివృద్ధికై ఆంధ్రదేశమున ఒక సంఘమును, రాజమహేంద్రవరమున ఒక చిత్రకళాశాలను నెలకొల్పెను. అప్పటికాయన వయస్సు ఇరువదియైదేండ్లకు కొంచెము పైమాట. ఆ వయస్సున పలువురు తమకు గురువును వెదకుకొనుచుందురు. ఆయన పదిమందికి గురువయ్యెను. ఆ విద్య యింటి వెలుపలనే ఆగిపోలేదు. భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు చిత్రకళ నభ్యసించి చిత్రములు వ్రాసిరి. బాలికలను బడికి పంపుటకే పెద్దలు వెనుకాడు దినములవి. ఆ దినములలో ఆ యింటి స్త్రీలు కుంచె పట్టిరన్న మాట మరువదగినది కాదు.

చిత్రలేఖనము నేర్పుట యితర పాఠములు చెప్పుటవంటిది కాదు. లెక్క తప్పినచో గురువు కొట్టివేసి సరియైన జవాబు వ్రాయవచ్చును. గీత తప్పినచో గురువు తన గీతను దానిపై గీసిన పక్షమున, ఆ బొమ్మ శిష్యునిది కాకుండపోవును. కాబట్టి చిత్రకళాగురువునకు ఓర్పు మిక్కిలి యవసరము. శిష్యుడు చూడనిదానిని వానిచేతనే చూపించుట, చూచినదానిని వాని చేతితోనే గీయించుట ఆయన పని. తనవలె వ్రాయువారిని తయారుచేయుట సులభము. తమవలె తాము వ్రాయువారిని తయారుచేయుట కష్టము. కూల్డ్రే రామారావును తనవలె ఆంగ్ల చిత్రకారునిగా మార్పజూడలేదు. ఆ మేలు రామారావు మరువక, తన చెంత చేరినవారికి ఆ స్వాతంత్ర్యమునే పంచిపెట్టెను.

చిత్రకళాశాల యింకను వేరూనుచుండగనే విధి వక్రించెను. 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన రామారావు మశూచి వ్యాధివలన మరణించెను. ఇరువదియెనిమిదేండ్లు నిండుటకు ఇంకను ఒక మాసము మిగిలియుండెను. నాడు మశూచి ఊళ్లకు ఊళ్లను వణికించుచుండెను. టీకాలను పట్టుదలతో వేయుటచేత ఆ వ్యాధి క్రమముగా అణగి, 1980లో భూమిపై పూర్తిగా తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. ఆ శుభవార్త ఐదు దశాబ్దములు దాటినపిమ్మట గాని రాలేదు. ఈలోపల ఎందరు ప్రతిభావంతులను ఆ వ్యాధి పొట్టనబెట్టుకొన్నదో లెక్కింపలేము.

గురువు మరణించినచో అప్పుడప్పుడే ప్రారంభమైన బడి మూతపడుట లోకసహజము. రాజమహేంద్రవరమున అట్లు జరుగలేదు. రామారావు మిత్రుడును, చిత్రకారుడును అగు వరదా వెంకటరత్నము ఆ చిత్రకళాశాల భారమును తన భుజముల కెత్తుకొనెను. సొంత చిత్రములు వ్రాసికొని సుఖముగా నుండదగిన కాలమును ఆయన పరుల పిల్లలకు నేర్పుటయందు వెచ్చించెను. రామారావు చిత్రములు తలకొకటిగా చెదరిపోకుండ ఆత్మీయులు కాపాడిరి. నేడు రాజమహేంద్రవరమున రామారావు పేర వెలసిన చిత్రశాలలో వానిని ఎవరైనను చూడవచ్చును.

కూల్డ్రే ఆదరము పొందిన మరియొకడగు అడివి బాపిరాజు బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని వద్ద చిత్రకళ నభ్యసించి, తరువాత తానును ఆ విద్యను ఇతరులకు నేర్పెను. నవలా రచయితగను ప్రసిద్ధికెక్కెను. కూల్డ్రే 1919 ప్రాంతమున స్వదేశమునకు వెడలిపోయెను; 1958లో మరణించెను. ఆయన నాటిన విత్తులు మాత్రము గోదావరీ తీరమున మొలకెత్తి, ఒక చెట్టునుండి మరియొక చెట్టుగా పెరిగినవి. పోయిన గురువు పనిని శిష్యుడో, మిత్రుడో తనదిగా భావించినంతకాలము విద్య చావదు.

నేటి పాఠశాలలలో చిత్రలేఖనమునకు కేటాయించిన గంటను విశ్రాంతి గంటగా తలచువారు గలరు. పరీక్షలో మార్కులు లేని పాఠమునకు విలువ యేమని అడుగువారును గలరు. పంటకాలువలో నీరు పారుట ఆగిన వెంటనే పైరు ఎండదు. కొన్నాళ్లు పచ్చగనే యుండును. తరువాత ఎంత వగచినను లాభము లేదు. నేర్పువాడు లేని విద్య గతియు నట్టిదే. లేపాక్షి చిత్రకారులవంటివారు మరల ఈ సీమలో పుట్టవలెనన్నచో, గోడలు ఉన్న చాలదు, రంగులు కొన్న చాలదు. పల్లెటూరి బడిలో పలకపై కాకిబొమ్మ గీసిన బాలుని కాగితమును చేతికి తీసికొని, ఇది కాకియే, దీని ముక్కును మరల చూచి రమ్ము అని చెప్పు గురువు కావలెను.

విద్యార్థులారా! లేపాక్షికి పోయినప్పుడు తల పైకెత్తి ఆ చిత్రములను తనివితీర చూడుడు. వానిని చేతితో తాకకుడు. స్తంభములపై తమ పేర్లు గీకి వెళ్లువారిని చూచి నేర్వకుడు. అంతటి బొమ్మలు వ్రాసినవారే తమ పేర్లు మనకు తెలుపక పోయిరి గదా! వారి గురువులను మనము పేరుపెట్టి తలచుకొనలేము. మన యెదుట నిలిచి గీత దిద్దించు గురువు పేరు మాత్రము మనకు తెలియును. దానిని మరువకుండుట మన చేతిలోని పని.

ప్రశ్నలు

1. రామారావు బొంబాయినుండి రాజమహేంద్రవరమునకు ఏల మరలి వచ్చెను?
2. రామారావు చిత్రములలో ఏయే పద్ధతులు కలిసినవి?
3. చిత్రకళాగురువునకు ఓర్పు మిక్కిలి యవసరమనుటకు కారణమేమి?
4. వరదా వెంకటరత్నము చేసిన సేవను మీ మాటలలో వ్రాయుడు.
5. మీ గ్రామమునగాని, సమీపమునగాని గల ప్రాచీన చిత్రమునో, శిల్పమునో చూచి దానిని వర్ణింపుడు.