చమురు ఇంజను: నిత్య పోషణ, ఓవర్‌హాలింగు

పల్నాటి సీమలో మాచవరం ప్రాంతపు రైతులకు మిరప, ప్రత్తి ముఖ్యమైన పైరులు. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలిన తరువాత పల్నాటికి కాలువ నీరు అందినది. అయినను కాలువకంటె మెరకగానున్న చేలకు నీరు తనంతట తాను ఎక్కదు. విద్యుత్తు తీగ చేరని చోట నీరు తోడుటకు డీజిలు ఇంజనే ఆధారము. మిరప పూత మీదనున్నప్పుడు తడి తప్పినచో పూతయు, పిందెయు రాలిపోవును. కాలువ వంతు వచ్చిన నాడు ఇంజను మొరాయించినచో, పోయిన వంతు తిరిగి రాదు. కావున ఇంజను పోషణయు సేద్యములో భాగమే అని రైతులు గ్రహింపవలెను.

ఇంజను పనిచేయు విధము

జర్మనీ దేశస్థుడైన రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఈ ఇంజనును జయప్రదముగా నడిపి చూపెను. ఇందులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని మిక్కిలిగా అదుముటవలన ఆ గాలి కాగిపోవును. అందులోనికి నాజిలు సన్నని తుంపరగా చిమ్మిన డీజిలు తనంతట తానే మండును. గాలి బాగుగా అదుమబడుట, డీజిలు శుభ్రముగా చిమ్మబడుట అను ఈ రెండును సరిగా ఉన్నంతకాలము ఇంజను నడచును. చేను గట్టున ఉన్నదైనను, జనరేటరును త్రిప్పునదైనను, కృష్ణలో పడవ మీది దైనను సూత్రము ఒక్కటే.

నిత్య పోషణ

1. గాలి: పల్నాటి దుమ్ము ఇంజనుకు గొప్ప శత్రువు. లోనికి పోయిన దుమ్ము ఆయిలుతో కలిసి ఆకురాయివలె లైనరును, రింగులను అరగదీయును. ఆయిలు తొట్టి గల ఎయిర్ ఫిల్టరయినచో వారమున కొకసారి విప్పి, మడ్డి తీసి, గుర్తు వరకు క్రొత్త ఆయిలు పోయవలెను. దుమ్ము ఎక్కువగా లేచు రోజులలో ఇంకను ముందే చేయవలెను. ఫిల్టరు తీసివేసి ఇంజను నడుపరాదు.

2. డీజిలు: తెచ్చిన డీజిలును ఒక రాత్రి కదల్చక ఉంచి, పై తేటను మాత్రమే వడగట్టి పోయవలెను. జింకు పూత వేసిన డబ్బాలలో నిలువ చేయరాదు. జింకు డీజిలుతో కలిసి ఫిల్టరును పాడుచేయును.

3. ఆయిలు: ప్రతిదినము ఇంజను త్రిప్పుటకు ముందు గేజి కడ్డీతో మట్టము చూడవలెను. చాల ఇంజన్లకు 250 గంటల కొకసారి ఆయిలు మార్చవలసియుండును. మీ ఇంజను పుస్తకములో ఏమున్నదో చూచుకొనుడు. ఇంజను వెచ్చగానున్నప్పుడే పాత ఆయిలు వదలినచో మడ్డి కూడ దిగును. నడిచిన గంటలను పుస్తకములో వ్రాసుకొనుట మంచిది.

4. నీరు: పిడుగురాళ్ల సున్నపు బట్టీలను ఎరుగనివారు లేరు. మన నేలలో సున్నపురాయి మెండు. బోరు నీటిలోను సున్నము కరిగియుండును. అది ఇంజను నీటి గదులలో పెచ్చుకట్టి వేడిని బయటికి పోనీయదు. వీలైనంతవరకు వాన నీరో, వడగట్టిన కాలువ నీరో వాడుడు. నీరు ఆగి ఇంజను కాగిపోయినచో వెంటనే చన్నీళ్లు పోయరాదు, హెడ్డు పగులును. బరువు తీసి, ఇంజనును ఆపి, చల్లారనీయవలెను.

పొగ చెప్పు సంగతులు

నల్లని పొగ వచ్చినచో బరువు ఎక్కువైనదనియో, గాలి చాలలేదనియో, నాజిలు చెడినదనియో అర్థము. నీలిపొగ వచ్చినచో ఆయిలు మండుచున్నది, రింగులు అరిగియుండవచ్చును. వేడెక్కిన తరువాత కూడ తెల్లని పొగ వచ్చినచో డీజిలు సరిగా మండుట లేదు, లేదా గాస్కెట్టు చెడి నీరు లోనికి దిగుచున్నది. 5 అశ్వశక్తుల ఇంజను నిండు బరువు మీద గంటకు సుమారు 1 లీటరు మొదలు 1¼ లీటరు డీజిలు త్రాగును. అంతకు మించి త్రాగుచున్నచో కారణము వెదకవలెను.

ఓవర్‌హాలింగు

హ్యాండిలు త్రిప్పునప్పుడు బిగువు లేకపోవుట, ఆయిలు తరచు తగ్గుట, బ్రీదరు గుండా పొగ కొట్టుట కనిపించినచో ఇంజను విప్పించుటకు తరుణము వచ్చినదని తెలియును. మిరప కోతలు ముగిసి, క్రొత్త నాట్లు పడకముందు, అనగా మే, జూన్ నెలలలో ఈ పని చేయించుట మేలు.

హెడ్డు విప్పి మసిని గీకి, వాల్వులను పేస్టుతో నూరవలెను. నూరిన పిమ్మట పోర్టులో కిరసనాయిలు పోసి చూచినచో, కారనియెడల వాల్వు బాగుగా కూర్చున్నట్లు. నీటి గదులలోని పెచ్చులను కూడ ఇప్పుడే తీయవలెను. రింగును ఒంటిగా లైనరులో పెట్టి, కొనల మధ్య సందును ఫీలరు గేజితో కొలువవలెను. సందు హద్దు మీరినచో రింగులు మార్చవలెను. లైనరే అరిగియున్నచో క్రొత్త రింగులు మాత్రము వేసి ప్రయోజనము లేదు. రింగుల సందులన్నియు ఒకే వరుసలోనికి రాకుండ త్రిప్పి అమర్చవలెను. బేరింగులను పరిశీలించి, గాస్కెట్టు క్రొత్తది వేయవలెను. హెడ్డు నట్లను ఒకేసారి గాక, ఎదురెదురుగా రెండు మూడు విడతలుగా బిగింపవలెను. టాపెట్ల సందు పుస్తకములో చెప్పినట్లు పెట్టి, డీజిలు గొట్టములోని గాలి తీసి, తొలి గంటలు తేలిక బరువు మీద నడుపవలెను.

ప్రాణ రక్షణ

పంపు 6, 7 మీటర్లకు మించిన లోతునుండి నీరు పీల్చుట కష్టము. అందువలన నీరు దిగినకొలది కొందరు ఇంజనును బావిలోనికి దింపుదురు. ఇది మృత్యువును పిలుచుటయే. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. దీపము దింపి చూచుట వలన దాని జాడ తెలియదు. బావిలో పడిపోయినవానికొరకు మరియొకరు వెంటనే దిగరాదు. ఇంజను ఆపించి, అగ్నిమాపక దళమునకు కబురు పంపవలెను. నాజిలు తుంపరకు చేయి అడ్డు పెట్టరాదు. అది చర్మమును చీల్చుకొని లోనికి పోవును. అట్లు జరిగినచో గాయము చిన్నదిగా కనిపించినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. బెల్టు దగ్గర పైకండువాతో నిలువరాదు.

గ్రామాధికారులు వేసవిలోనే రైతులను సమావేశపరచి, మంచి మెకానిక్కును పిలిపించి, నాలుగు ఇంజన్లను ఒకేచోట విప్పించినచో ఖర్చు కలసివచ్చును, చూచినవారికి పని తెలియును. అట్లు సిద్ధపరచిన ఇంజను పూత నాటి తడికి వెనుదీయదు.