సముద్రాన్ని బయటే ఆపే వంపు గొట్టం

విద్యార్థులారా! ఎత్తున ఉన్న డ్రమ్ములోంచి డీజిలును గొట్టంతో కింది డబ్బాలోకి దించడం మీరు చూసే ఉంటారు. ధార ఒకసారి మొదలైతే చాలు, డీజిలు డ్రమ్ము అంచుదాకా పైకెక్కి, అవతలికి దిగి, తనంతట తానే పారుతుంది. దీనినే సైఫన్ అంటారు. పొలం దగ్గర మనకు మేలు చేసే ఈ సైఫనే సముద్రంలో పడవను ముంచగలదు. ఎలాగో చూద్దాం.

2017 సెప్టెంబరు 10న మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ‘తారిణి’ అనే తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరారు. భూమిని చుట్టి 2018 మే 21న తిరిగి గోవా చేరారు. వర్తికా జోషి నాయకత్వంలోని ఆ బృందంలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. పడవ పొడవు సుమారు 17 మీటర్లే. వారాల తరబడి నేల కనిపించని ప్రయాణం. మరి అటువంటి పడవల్లో మరుగుదొడ్డి ఎలా ఉంటుంది?

సాధారణంగా చేతిపంపుతో నడిచేది ఉంటుంది. దానికోసం పడవ అడుగున రెండు రంధ్రాలు ఉంటాయి. ఒకదాని నుంచి వచ్చే గొట్టం సముద్రపు నీటిని లోపలికి తెస్తుంది. రెండవ గొట్టం వాడిన నీటిని బయటికి పంపుతుంది. తీరం దగ్గర ఉన్నప్పుడు మాత్రం మలినాన్ని నీటిలోకి వదలకుండా పడవలోని తొట్టిలో నిలవ చేస్తారు.

చిక్కంతా ఎత్తులోనే ఉన్నది. మన ఇంట్లో బేసిను సెప్టిక్ ట్యాంకు కంటే ఎత్తున ఉంటుంది. పడవలోనో, బేసిను అంచు తరచుగా బయటి నీటిమట్టం కంటే కిందనే ఉంటుంది. పైన సముద్రం, కింద బేసిను, మధ్య నీటితో నిండిన గొట్టం! పంపులోని కవాటం అరిగిపోతే, పంపు కొట్టడం ఆపినా నీరు వస్తూనే ఉంటుంది.

లెక్క వేద్దాం. అంచు నీటిమట్టానికి 30 సెంటీమీటర్లు దిగువన ఉన్నదనీ, గొట్టం వ్యాసం 19 మిల్లీమీటర్లనీ అనుకోండి. నీటి వేగం సెకనుకు సుమారు 2.4 మీటర్లు. అంటే నిమిషానికి 40 లీటర్లు! రాపిడి వల్ల సగమే వచ్చినా, అందరూ నిద్రపోయే 8 గంటల్లో 9,600 లీటర్లు, దాదాపు 10 టన్నుల నీరు లోపలికి చేరుతుంది.

గొట్టాన్ని నీటిమట్టం కంటే ఎత్తుకు తీసుకుపోయి వంచితే సరిపోదా? సరిపోదు. డీజిలు డ్రమ్ము అంచును దాటి రాలేదా? మరి ఉపాయమేమిటి? ఈ ప్రయోగం చేసి చూడండి.

బల్లమీద ఒక చెంబు నీళ్లు, నేలమీద ఖాళీ చెంబు పెట్టండి. ప్లాస్టిక్ గొట్టాన్ని నీటితో నింపి, రెండు కొనలనూ వేళ్లతో మూసి, ఒక కొనను పై చెంబు నీటిలో ముంచండి. రెండవ కొనను కింది చెంబులో పెట్టి వేళ్లు తీయండి. నీరు పారుతుంది. (డీజిలు, కిరసనాయిలు, పురుగుమందు ఎన్నడూ నోటితో పీల్చవద్దు.) ఇప్పుడు గొట్టం వంపు పైభాగాన, మిరప టిక్కీలు కుట్టే దబ్బనంతో రంధ్రం చేయండి. ధార తెగిపోతుంది! ఆ చోట నీటి పీడనం బయటి గాలి పీడనం కంటే తక్కువ. అందుచేత నీరు బయటికి రాదు, గాలే లోపలికి దూరి ధారను రెండుగా విడదీస్తుంది.

పడవలోనూ ఇదే ఉపాయం. వంపు శిఖరాన గాలిని లోపలికి మాత్రమే రానిచ్చే చిన్న కవాటం అమర్చుతారు. నీరు తెచ్చే గొట్టంలో ఈ వంపు పంపుకూ బేసినుకూ మధ్య ఉండాలి. గాలికి పడవ 30 డిగ్రీలు ఒరిగితే, నడిమి గీతకు 1.5 మీటర్ల దూరాన ఉన్న వంపు సుమారు 75 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. కాబట్టి వంపు ఎత్తుగానూ, వీలైనంత నడిమి గీతకు దగ్గరగానూ ఉండాలి.

ఐతే ఉప్పు పేరుకుంటే ఆ చిన్న కవాటం మూసుకుపోతుంది. అప్పుడు వంపు ఉన్నా లేనట్లే. అందుకే దానిని అప్పుడప్పుడు మంచినీటితో కడగాలి. గొట్టం ప్రతి కొనకూ తుప్పుపట్టని ఉక్కు క్లాంపులు రెండేసి బిగిస్తారు. అన్నిటికంటే ముఖ్యం, పడవ అడుగున రంధ్రాల వద్ద ఉండే కుళాయిలను పని కాగానే కట్టేయడం.

చివరగా ఒక ప్రశ్న. నీరు తెచ్చే గొట్టంలో గాలి కవాటాన్ని పంపుకు ముందే పెడితే ఏమవుతుంది? పంపు నీటిని పీలుస్తుందా, గాలినా? ఆలోచించి మీ సైన్సు మాస్టారికి చెప్పండి.