పావు అంటే దేనిలో పావు?

పావుకిలో అంటే 250 గ్రాములు. పావుగంట అంటే 15 నిమిషాలు. పావలా అంటే రూపాయిలో నాలుగో వంతు. మూడింటిలోనూ పావే ఉన్నా విలువలు వేరు. కాబట్టి భిన్నం పేరు వినగానే మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న: దేనిలో?

జర్మన్ భాషలో పావును 'ఫిర్టెల్' అంటారు. 'ఫీర్' అంటే నాలుగు, 'టైల్' అంటే భాగం. ఆ రెండు మాటలూ కలిసి అరిగి ఫిర్టెల్ అయింది. ఊళ్లో ఒక పేటను కూడా ఇదే మాటతో పిలుస్తారు. గడియారం దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. మూడుంపావును 'ఫిర్టెల్ నాఖ్ డ్రై' అంటారు. అంటే మూడు దాటి పావు. తూర్పు, దక్షిణ జర్మనీలలో కొన్నిచోట్ల అదే వేళను 'ఫిర్టెల్ ఫీర్' అంటారు. మాటకు మాట చూస్తే 'పావు నాలుగు'. దీన్ని మనం నాలుగుంపావు అనుకుంటే రైలు గంట ముందే వెళ్లిపోతుంది! మూడు నుంచి నాలుగు వరకు నడిచేది నాలుగో గంట. అందులో పావు గడిచిందని వాళ్ల లెక్క. 'హల్ప్ ఫీర్' అంటే మూడున్నర కావడానికీ కారణం ఇదే.

ఇక మన తెలుగు సంగతి. 'పాతిక' అంటే నాలుగో వంతు; నూరులో నాలుగో వంతైన ఇరవై అయిదు కూడా పాతికే. మన పాత భిన్నాలు నాలుగేసి భాగాలతో నడిచాయి. పాతికను నాలుగు చేస్తే వీసం, అంటే 1/16. వీసాన్ని నాలుగు చేస్తే 'కాని', అంటే 1/64. రెండు వీసాలు పరక, మూడు వీసాలు మువ్వీసం. వీటికి ప్రత్యేకమైన అంకెలు కూడా ఉండేవి. కంప్యూటరు అక్షరాల పట్టిక యూనికోడ్‌లో 2008లో వాటికి చోటు దొరికింది.

రూపాయికి 16 అణాలు గనుక అణా అంటే రూపాయిలో వీసం. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక ఆ లెక్క పోయింది గాని మాటలు పోలేదు. "ముప్పాతిక మువ్వీసం మంది వచ్చారు" అంటే 12/16 + 3/16 = 15/16. పదహారుగురిలో రానివాడు ఒక్కడే!

పొత్తు వ్యాపారాలలో 'పావలా వాటా' అనే మాట ఇప్పటికీ ఉంది. మన ఉంగుటూరు రైతు ఒకరికి కొల్లేరు దగ్గర చేపల చెరువులో పావలా వాటా ఉందనుకోండి. చెరువు మీద లాభం 3,20,000 రూపాయలు. ఆయన తమ్ముడితో "నీకు పావలా ఇస్తాను" అన్నాడు. చెరువులో పావలా అయితే 80,000. అన్న వాటాలో పావలా అయితే 20,000. తేడా 60,000 రూపాయలు. అన్నదమ్ములు విడిపోవడానికి అది చాలు. అందుకే కాగితం రాసుకొనేటప్పుడు 'దేనిలో' అన్నది తప్పక రాయాలి.

అభ్యాసం: అన్న వాటాలో పావలా అంటే మొత్తం చెరువులో ఎన్ని అణాలు? దానికి పాత తెలుగు పేరేమిటి?