ముందు దాని తిండి సంగతి చూడు

చిరంజీవి బుజ్జికి,

నీ ఉత్తరం అందింది. ఉప్పునీళ్ల ట్యాంకులోకి నీలం స్టార్‌ఫిష్ కోసం షాపులో మాట్లాడేశానన్నావు. అడ్వాన్సు ఇవ్వకపోతే ఆగు. ఇచ్చేసి ఉన్నా సరే, ఆగు.

ఆ నీలం రంగుది లింకియా. పగడపు దిబ్బల్లో రాళ్ల మీద పట్టే సన్నటి పాచిని, సూక్ష్మజీవుల పొరని తిని బతుకుతుంది. ఆ పొర ఏ షాపులోనూ దొరకదు. నాలుగు వందల లీటర్ల ట్యాంకు ఏడాదికి పైగా నడిచి, రాళ్ల నిండా పాచి పట్టి ఉన్నా కూడా దాని కడుపు నిండుతుందని పూచీ లేదు. నీది చూస్తే కొత్త ట్యాంకు. చేపైతే తిండి లేకపోతే చిక్కిపోతుంది, మనకి తెలుస్తుంది. ఇది అలా బయటపడదు. తన ఒంటినే కరిగించుకుంటూ నెలల తరబడి అద్దానికి అంటుకునే ఉంటుంది. "ఆర్నెల్లయింది, భేషుగ్గా ఉంది" అని మురిసిపోయేవాళ్లలో చాలామంది చూస్తున్నది నిజానికి నెమ్మదిగా సాగే చావునే.

మన విశాఖ తీరంలో వల దులిపినప్పుడు ఇసుకలో రాలే నక్షత్రాల మీదా ఆశ పెట్టుకోకు. అవి ఇసుకలో దూరి చిన్న చిన్న గవ్వజీవుల్ని, పురుగుల్ని ఏరుకు తినే రకం. ట్యాంకులో ఉన్న గుప్పెడు ఇసుకని కొన్నాళ్లలో ఊడ్చేసి, ఆపైన పస్తులే.

నా మాట వింటే చాక్లెట్ చిప్ స్టార్ తెచ్చుకో. లేత గోధుమరంగు ఒళ్లు, పైన నల్లటి బొడిపెలు. అందంలో లింకియాకి సాటి రాదు కానీ, మనం పెట్టింది తింటుంది. దొరికితే పగడాల్ని, నత్తల్ని కూడా తింటుంది కాబట్టి చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులోనే ఉంచాలి. ఆ చేపల్లోనూ పఫర్లు, ట్రిగ్గర్లు ఉండకూడదు, దాని చేతులు కొరికేస్తాయి.

గోరంత పచ్చి రొయ్యముక్క తీసుకో, ఉప్పూ పసుపూ తగలనిది. దాని చేతి కొసకి దగ్గరగా పెట్టి ఊరుకో. కాసేపటికి కొస పైకి లేస్తుంది. అడుగునున్న సన్నటి గొట్టాల్లాంటి పాదాలు తడుముకుంటూ కదులుతాయి, ఒళ్లంతా మెల్లగా ముక్క మీదికి ఎక్కి గూడు కడుతుంది. నమలడం ఉండదు. పొట్టని నోట్లోంచి బయటికి తెచ్చి, ముక్కని అక్కడే అరిగించుకుంటుంది. ఆ సమయంలో కదపకు. వారానికి రెండు మూడు సార్లు పెడితే చాలు. మిగిలిపోయిన ముక్క తీసెయ్యి, కుళ్లితే అమ్మోనియా.

ఇక నీళ్లు. దానికి మనలా నెత్తురు లేదు. వీపు మీద జల్లెడలాంటి బిళ్ల ఒకటుంటుంది. దానికి అతుకుగా లోపలంతా సన్నటి కాలువలు, వాటిలో సముద్రపు నీరులాంటి నీరే. పాదాలు ఆ నీటి ఒత్తిడితోనే కదులుతాయి. చేప మొప్పలతో, మూత్రపిండాలతో ఒంట్లో ఉప్పుని సర్దుకోగలదు, దీనికి ఆ శక్తి లేదు. అందుకే సాంద్రత 1.025 దగ్గర, వేడి 24 నుంచి 26 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. ఇంటికి తెచ్చిన రోజు సన్నటి ట్యూబుకి ముడివేసి, ట్యాంకు నీళ్లని బొట్టు బొట్టుగా దాని నీళ్లలోకి వదులు. రెండు మూడు గంటలు పట్టినా తొందరపడకు. గాలిలోకి ఎత్తకు, గిన్నెతో నీళ్లలోనే మార్చు.

బెజవాడ ఎండల్లో అసలు పరీక్ష. చిల్లర్ ఖరీదెక్కువని నీళ్లమీదికి ఫ్యాన్ పెడతారు. వేడి తగ్గుతుంది, నిజమే. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం లోపలే ఉంటుంది, సాంద్రత పెరిగిపోతుంది. అద్దం మీద నీటిమట్టానికి గీత గీసి, తగ్గినంత మేరా రోజూ ఆర్‌ఓ నీళ్లు పొయ్యి, ఉప్పు కలపనివి. కరెంటు పోతే గాలి ఆడటానికి బ్యాటరీ పంపు ఒకటి ఇంట్లో ఉంచు.

షాపులో డబ్బిచ్చే ముందు, నీళ్లలోనే దాన్ని వెల్లకిలా తిప్పి చూపించమను. ఆరోగ్యంగా ఉంటే నెమ్మదిగానైనా తనంతట తను బోర్లా తిరుగుతుంది. చేతులు వాలిపోయినా, ఒంటిమీద తెల్లటి మచ్చలున్నా, కొసలు చివికినా, సగం ధరకి ఇస్తానన్నా వద్దను.

ఇంకో మాట. ట్యాంకు సెకండ్‌హ్యాండ్‌ది అన్నావు. పాత యజమాని చేపల జబ్బుకి రాగి మందు వాడి ఉంటే ఆ రాగి రాళ్లలో, ఇసుకలో పీల్చుకుపోయి మెల్లగా నీళ్లలోకి వస్తుంది. చేపలు తట్టుకోవచ్చు, ఈ ప్రాణి తట్టుకోలేదు. మీ నాన్న చేత ఆయనకి ఫోన్ చేయించి అడుగు. అవునంటే రాళ్లూ ఇసకా మార్చేసెయ్యి. ఏమన్నారో నాకు రాయి, అమ్మోనియా, నైట్రైట్ రీడింగులు కూడా కలిపి.

ఇట్లు,
మామయ్య