ఒక కాలు ముందు, ఒక కాలు వెనుక

సమస్య



మేము మొఘల్‌పురా నివాసులము. మా నాన్నగారు పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణమున గుమాస్తా; నేను గౌలిపురాలో ఒక చిన్న పాఠశాలయందు తెలుగు చెప్పుచున్నాను. నాకు ఒక్కడే తమ్ముడు. గడచిన డిసెంబరు చివరివారమున వానికి పందొమ్మిదేండ్లు నిండినవి. మా పేట మైదానమున చెప్పులజతలను గోలుస్తంభములుగా నిలిపి, బంతి కంటికి కానరానంత చీకటి పడువరకు ఆడుచుండిన ఆ పిల్లవానిని, పదునేడవ యేట, పొరుగు రాష్ట్రమందలి ఒక ఫుట్‌బాల్ క్లబ్బువారు చూచి, మూడేండ్లకు ఒప్పందము వ్రాయించి, నెలజీతముపై తీసికొనిపోయిరి.

మొదటి సీజన్ మా యింట పండుగవలె గడచినది. వాడు కుడివైపు వింగర్. బంతి కుడికాలికి అందినచో ఇద్దరు ముగ్గురిని దాటిపోవుట వానికి సహజవిద్య. రిజర్వు జట్టులో గోల్స్ కొట్టినాడు. పత్రికలో పేరు పడినది. ఆ ముక్కను కత్తిరించి అమ్మ దేవునిగదిలో పెట్టినది. రెండవ సీజన్‌లో అంతయు తలక్రిందులైనది. ఒక్కసారిగా పొడవు పెరిగి, పరుగులో తడబాటు వచ్చినది. వాడు ఎడమకాలితో బంతిని కొట్టలేడని ప్రత్యర్థులు కనిపెట్టి, ఆ వైపునకే నెట్టుచున్నారట. బంతి చేజారిన పిమ్మట వెనుకకు పరుగెత్తి జట్టును ఆదుకొనడని కోచ్‌గారి ఫిర్యాదు. వానితోపాటు అదే దినమున చేరిన మరియొక కుర్రవాడు, జనవరిలో పుట్టినవాడు, నేడు పెద్ద జట్టులో ఆడుచున్నాడు. మావాడు బెంచీమీద కూర్చుండుచున్నాడు.

ఇప్పుడు క్లబ్బువారు రెండు మాటలు చెప్పుచున్నారు. ఒకటి, రెండవ శ్రేణిలోని చిన్న క్లబ్బునకు ఒక యేడు లోన్ మీద పంపెదమని. రెండవది, వింగర్ స్థానము విడిచి రైట్ బ్యాక్‌గా అలవాటు పడుమని. మావాడు రెండింటికిని ఒప్పుకొనలేదు. "నేను గోల్ కొట్టేవాణ్ణి అక్కా, ఆపేవాణ్ణి కాదు" అని ఫోన్‌లో అన్నాడు. అటుపిమ్మట ఫోన్ ఎత్తుటయే తగ్గించినాడు. లోన్ మీద పంపుట వెళ్లగొట్టుటయేనని అమ్మ కన్నీరు. మా మేనమామ, ఇక ఆట చాలునని, వచ్చి తన ఫర్నిచర్ దుకాణము చూచుకొమ్మని పట్టుబట్టుచున్నాడు. నాన్నగారు ఏమియు అనరు, రాత్రి భోజనమువేళ మాత్రము "నేడు ఆడించినారా?" అని నన్ను అడుగుదురు.

వానిని ఇంటికి పిలిపింతుమా? ఒక్క యేటి మెరుపును చూచి మేమే మోసపోయితిమా?

— ఒక అక్క, మొఘల్‌పురా

సలహా

సోదరీ,

మీ తమ్ముని పిలిపింపకుడు. కారణములు తరువాత విన్నవింతును గాని, ఆలస్యమైనచో హాని కలుగు మాట ఇదియే కావున ముందు చెప్పితిని.

మీరు వాని లోపములను మూడింటిని ఒక్క వాక్యప్రవాహమున వ్రాసినారు. చదువువారికి అవి మూడును కలిసి పతనమువలె తోచును. ఆ మూడింటిని విడదీసి చూడుడు. పరుగులో తడబాటు దేహమునకు సంబంధించినది. ఎడమకాలి బలహీనత అభ్యాసమునకు సంబంధించినది. వెనుకకు పరుగెత్తకుండుట బుద్ధికి, స్వభావమునకు సంబంధించినది. ఈ మూడును ఒకే వేగమున పెరిగిన క్రీడాకారుడు లోకమున అరుదు. బాలురు వేగముగా పొడవెదుగు కాలము సామాన్యముగా పదునాలుగవ యేటి ప్రాంతమున వచ్చును. మీవానికి అది ఆలస్యముగా, అదియును కోచ్‌లు ప్రతిదినము కొలుచుచున్న కాలముననే వచ్చినది. ఎముక పొడవైనంత త్వరగా కండరము దానికి అలవడదు. నిన్నటి కాలితో కొలిచిన అడుగు నేటి కాలికి సరిపోదు. కొన్ని మాసములు దేహము తన యజమానికే అపరిచితమై మెలగును. దీనిని చూచి ప్రతిభ పోయినదనుకొనుట తొందరపాటు.

జనవరిలో పుట్టిన సహచరుని ప్రస్తావన మీరు యథాలాపముగా తెచ్చినారు గాని నా దృష్టి అచ్చటనే నిలిచినది. కెనడా దేశమున మంచుపై ఆడు హాకీ జాతీయవ్యసనము. అచ్చటి జూనియర్ హాకీ క్రీడాకారుల జన్మదినములను 1980ల దశకమున రోజర్ బార్న్స్‌లీ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు పరిశీలింపగా, జనవరి మొదలు మార్చి వరకు పుట్టినవారు మిక్కుటముగను, సంవత్సరాంతమున పుట్టినవారు స్వల్పముగను కనబడిరి. బాలుర వయోవర్గములకు జనవరి 1 గీటుగా నుండుటచే, జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవానికంటె రమారమి ఒక యేడు పెద్దవాడయ్యును ఒకే వర్గమున నిలుచును. పెద్దవాడు బలిష్ఠుడుగ తోచును, వానికే ఆట దొరకును, దొరకిన ఆటచేత వాడు మరింత నేర్చును. మన దేశపు బాలుర ఫుట్‌బాల్‌లోను జనవరి 1 గీటు సాధారణమే. మీరు పోల్చిన ఆ యిద్దరు కుర్రవాండ్రును ఒక ఈడువారే కారు. పదునెనిమిదేండ్ల బాలురను యేటేట ఎంపికచేసికొను ఉత్తర అమెరికా హాకీ క్లబ్బులు సయితము, వారిలో పెక్కుమందిని వెంటనే పెద్ద జట్టున దింపక, కొన్నియేండ్లు జూనియర్ జట్లకో చిన్న లీగులకో పంపి పండనిత్తురు. అచ్చట దానిని ఎవరును వెళ్లగొట్టుటగా భావింపరు.

ఇక ఎడమకాలు. ఇది వినుటకు మీకు కెనడా అక్కరలేదు. మన నగరముననే చాలును. వృత్తిచే బడిపంతులై, 1943 మొదలు 1963 లో మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండి, 1950 నుండి సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, ఆ జట్టుచేత వరుసగా అయిదేండ్లు, 1950 నుండి 1954 వరకు, రోవర్స్ కప్పు గెలిపించిన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు బాలురకు విచిత్రమైన పోటీలు పెట్టెడివారు. ఒకదానిలో డ్రిబ్లింగ్ నిషిద్ధము. మరియొకదానిలో బలహీనమైన పాదముతో మాత్రమే బంతిని కొట్టవలెను. ఆ మహనీయుని ఉపాధ్యాయబుద్ధికి నేను ముగ్ధుడను. కుడికాలి గొప్పను పొగడుట ఎవరికైనను వచ్చును; వెనుకబడిన అంగమునకు ప్రత్యేకముగా ఒక మైదానము, ఒక దినము, ఒక బహుమతి కల్పించి, దానిలోని సిగ్గును తీసివేయుట ఆయనకే తెలిసినది. మీ తమ్ముడు ప్రతిదినము సాధన ముగిసిన పిమ్మట, గోడకెదురుగా ఒంటరిగా, ఎడమకాలితో మాత్రమే, అలసిపోవువరకు బంతిని కొట్టవలెను. ఎవరును చూడని వేళ ఆ పని మేలు.

స్థానము మార్చుటకు వానికి కలిగిన అవమానము నాకు తెలియును. గోల్ కొట్టువాడు తన్ను తాను ఆ పనితోనే పోల్చుకొని పెరుగును. అయినను 1935 లో ఈ హైదరాబాదుననే జన్మించిన పీటర్ తంగరాజ్‌గారి కథ వానికి చెప్పుడు. మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో ఆడి, 1953 లో మద్రాసు రెజిమెంటల్ సెంటరున చేరిన ఆయన మొదట సెంటర్ ఫార్వర్డ్. అనగా గోల్ కొట్టుటయే పనిగా గలవాడు. పిమ్మట గోల్‌కీపరై, 1956, 1960 ఒలింపిక్ జట్లలో స్థానము పొంది, 1967 లో అర్జున పురస్కారమందెను. 1962 లో జకార్తాలో జరిగిన ఏషియన్ క్రీడలయందు రహీమ్‌గారు దీనికి విపర్యయముగ చేసిరి. డిఫెండరైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడియుండగా, వానిని విడిచిపెట్టక ముందువరుసకు మార్చిరి. ఆ సింగే సెమీఫైనల్‌లోను, దక్షిణ కొరియాపై 2-1 తో గెలిచిన ఫైనల్‌లోను గోల్ కొట్టెను. ఆ ఫైనల్‌లో మన గోల్ కాచినవాడు తంగరాజ్. గోల్ కొట్టవలసినవాడు ఆపుచు, ఆపవలసినవాడు కొట్టుచు, దేశమునకు స్వర్ణము తెచ్చిరి. రైట్ బ్యాక్‌గా నిలిచినవానికి మైదానమంతయు ఎదుట కనబడును. వెనుకకు పరుగెత్తు అలవాటు లేనివానికి ఆ అలవాటు నేర్పు స్థానము అంతకంటె వేరొకటి లేదు. తరువాత మరల వింగ్‌నకు పోయినను ఆ యేడు వృథా కాదు.

ఒక్క యేటి మెరుపును చూచి మోసపోయితిమా అని అడిగితిరి. క్రికెట్ బౌలరు మహమ్మద్ సిరాజ్‌ను మీ తమ్ముడు ఎరుగకపోడు. ఆటోడ్రైవరు కుమారుడై, టెన్నిస్ బంతితో ఆడి పెరిగి, 2017 లో రాజ్‌కోట్‌లో తన మొదటి అంతర్జాతీయ టీ20 పోటీయందు నాలుగు ఓవర్లలో 53 పరుగులిచ్చెను. అటుపిమ్మట ఐపీఎల్‌లో అతడు పడిన నిందలు ఇన్నియని చెప్పలేము. 2020 అక్టోబరులో అదే ఐపీఎల్‌లో ఒక్క పోటీయందు రెండు మెయిడెన్ ఓవర్లు వేసిన తొలి బౌలరాయెను. 2023 ఆసియా కప్పు ఫైనల్‌లో 21 పరుగులకు ఆరు వికెట్లు తీసెను. 2025 ఛాంపియన్స్ ట్రోఫీకి మరల జట్టులో చోటు దక్కలేదు. అదే యేడు ఆగస్టున ఓవల్ మైదానమున చివరి ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీసి భారతమును ఆరు పరుగులతో గెలిపించెను. ఈ ఎగుడుదిగుళ్లలో ఏ యొక్క సంవత్సరమును పట్టుకొని అతనికి వెల కట్టియున్నను తప్పే అయియుండెడిది.

ఇప్పుడు మీ యింటిమాట. కఠినముగా తోచినను చెప్పవలెను. "నేడు ఆడించినారా?" అను ప్రశ్న ప్రతి రాత్రియు మీ విస్తళ్లముందు వచ్చి కూర్చుండుచున్నది, దాని వేడి వానికి ఫోన్‌లో తగులుచున్నది, అందుచేతనే ఎత్తుటలేదు. ఆ ప్రశ్నను మీ తండ్రిగారు మానవలెను. వారికి ఆ మాట చెప్పగలవారు మీరొక్కరే. పక్షమునకొకసారి వారే ఫోన్ చేసి, ఆట తప్ప మరేదైనను మాటాడవలెను. మాట తోచనిచో పత్తర్‌గట్టీలో వ్యాపారమెట్లున్నదో చెప్పినను చాలును. దేవునిగదిలోని పత్రికాఖండము అచ్చటనే యుండనిండు. మీ తల్లిగారి సంతోషము నిజమైనది.

మీ మేనమామగారి ఆదరమును నేను శంకింపను. కాని పందొమ్మిదేండ్లవానికి ఆశ్రయమును ఓటమిని ఒకే చేతితో ఇచ్చినచో రెండవదియే వానికి జ్ఞాపకముండును. దుకాణము ఎచ్చటికిని పోదు; ఒప్పందములోని మూడవ యేడు పోవును.

అయితే ఆట శాశ్వతమనియు నేను చెప్పజాలను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టి, రహీమ్‌గారి కంటబడి, 1956 లో మెల్‌బోర్న్‌లో నాలుగవ స్థానము పొందిన ఒలింపిక్ జట్టులోను, 1962 నాటి స్వర్ణజట్టులోను ఆడిన తులసీదాస్ బలరామ్‌గారు, ఊపిరితిత్తుల వ్యాధిచే ఇరువదియేడేండ్లకే ఆట మానవలసివచ్చెను. ఆయన ఆటలో లోపము లేదు, దేహమే అడ్డుపడినది. కావున మీ తమ్ముడు ఈ యేడే డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమున డిగ్రీకి పేరు వ్రాయించవలెను. ఇరువదిరెండేండ్లు నిండిన నాడు, కుటుంబమంతయు కాక వాడును మీరును మాత్రమే కూర్చుండి, ఆటను వృత్తిగా సాగించుటయా మానుటయా అని తేల్చుకొనవలెను. అంతవరకు ఆ చర్చ ఇంట లేవనీయకుడు.

లోన్‌నకు ఒప్పుకొమ్మని నా పేర వానికి చెప్పుడు. సంతకమునకు ముందు మాత్రము కొన్నింటిని లిఖితపూర్వకముగ అడుగవలెను: ఆ చిన్న క్లబ్బు కోచ్ వానిని ఏ స్థానమున, ఎంత తరచుగా ఆడింపదలచినాడు, జీతము ఎవరిత్తురు, గాయమైనచో చికిత్స ఎవరి ఖర్చు, యేడు ముగిసిన పిమ్మట తిరిగి ఏ జట్టున చేర్చుకొందురు. మొదటి ప్రశ్నకు సమాధానము పొడిమాటలుగా వచ్చినచో, వేరొక క్లబ్బును చూపుమని అడుగుటకు వానికి హక్కు కలదు. బెంచీ మారుటకు ఊరు మారనక్కరలేదు. ఆ కాగితములను ఒక న్యాయవాదికి చూపించి, క్లబ్బువారు గడువు పెట్టియున్నచో దానికి వారము ముందే ఫోన్‌లో వానికి చదివి వినిపింపుడు.