గ్రౌండ్‌కు పో బిడ్డా

సిరిసిల్ల,
ఆదివారం.

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసింది. జగిత్యాల డాక్టర్ రోజూ నడవమంటే, "నడిస్తే మనసు బాగైతదా" అని నవ్వినవట. నీ అనుమానం కొట్టిపారేసేది కాదు. ఒళ్లు కదిలితేనే దిగులు పోయేదైతే మా సిరిసిల్లల ఎవనికీ దిగులు ఉండొద్దు. పన్నెండు గంటల డ్యూటీల మరమగ్గాల సాంచాల నడుమ తిరిగి తిరిగి మా పిక్కలు రాళ్లయినయి. అయినా ఈ ఊరు నేతన్నల ఆత్మహత్యలతోనే పేపర్లకెక్కింది. అప్పులు, పని దొరకని రోజులు, చాలని కూలి... వాటికి నడక మందు కాదు. ఇంకోటి చెప్త. సాంచాల మోతల పక్కోనితోని మాట్లాడాలన్నా సైగలే. పోగు తెగితే ఆపి, ముడేసి, మళ్ల నడిపించుడు. పదిమంది నడుమ ఉన్నా ఒక్కనివే. ఆ తిరుగుడు వేరు, ఆట వేరు.

అమెరికాల 12 లక్షల మందిని అడిగి చేసిన సర్వే ఒకటి 2018ల లాన్సెట్ సైకియాట్రీ పత్రికల వచ్చింది. వ్యాయామం చేసేటోళ్లకు మనసు బాగలేని రోజులు, చేయనోళ్లకన్నా 43 శాతం తక్కువ. అన్నిట్ల ఎక్కువ తేడా కనబడ్డది జట్టుగా ఆడే ఆటలల్ల. ఇంటిపని చేసినా కొంత తేడా ఉన్నది. 45 నిమిషాలు, వారానికి మూడు నుంచి ఐదు సార్లు చాలట. ఆడినందుకు బాగున్నరా, బాగున్నందుకే ఆడగలిగిన్రా అన్నది ఆ సర్వే తేల్చలేదు, ఒప్పుకుంట. కానీ జట్టు అన్నకాడ నా మనసు ఆగింది.

ఎందుకంటే నీకు బరువైంది నడక కాదు, వాకిలి దాటుడు. గల్ఫ్ నుంచి వచ్చినోన్ని కోరుట్లల ఎవరు చూసినా అడిగేది ఒకటే: "మళ్ల ఎప్పుడు పోతవ్?" వాళ్లకది పలకరింపు. నీకు అప్పు అడిగినట్టు. అందుకే రోడ్డు మీద ఒక్కనివి నడవకు. సాయంత్రం బడి గ్రౌండ్‌ల వాలీబాల్ ఆడుతరు కదా, ఆడికి పో. ఒక మనిషి తక్కువ పడ్డోళ్లకు నీ వీసా ముచ్చట పట్టదు. డాక్టర్ ఇచ్చిన గోళీలతోని మబ్బుగుంటే గీత అవతల నిలబడి బాల్ అందియ్యి, స్కోర్ చెప్పు. డాక్టర్ చెప్పకుండ గోళీలు మాత్రం బంద్ పెట్టకు. "ఎట్లున్నవ్, మందులు ఏసుకున్నవా" అని గ్రౌండ్‌ల అడగొద్దని, వచ్చి బండి మీద ఎక్కించుకొని పోవుడొక్కటే చెయ్యమని నీ దోస్తుకు ముందే చెప్పిపెట్టిన.

మన దిక్కు మగోళ్లు నలుగురు కూడేది ఎక్కువ కల్లు కాంపౌండ్లనే, నీకు తెల్వంది కాదు. అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు పట్టుబడుడు ఎన్నిసార్లు పేపర్ల చదవలేదు? నీ గోళీల మీద అది పడితే పానానికే ముప్పు. ఆట అయినంక వాళ్లు అటు మళ్లితే, నువ్వు చాయ్ తాగి ఇంటికి రా. మొహమాటపడకు.

మీ అమ్మ సంగతి కూడా చూడు. బీడీలు చుట్టీ చుట్టీ మెడలు పట్టేసినయి. బతుకమ్మ తొమ్మిది రోజులు తప్ప మన ఆడోళ్లు నలుగురి నడుమ ఒళ్లు కదిపేదెక్కడ? మిగతా ఏడాదంతా గ్రౌండ్ మగోళ్లదే. ఇది నాకెప్పుడూ న్యాయమనిపించలేదు. పొద్దుగాల ఆమెను నడకకు తోలుకపో. నీకు తోడుగా కాదు, ఆమె కోసమే.

రాత్రి నిద్ర పట్టక ఆలోచనలు సుడి తిరిగితే 14416కు ఫోన్ చెయ్యి. టెలిమానస్ అంటరు. 2022 అక్టోబర్‌ల సర్కారు పెట్టింది, ఖర్చు లేదు, తెలుగుల మాట్లాడొచ్చు. నాకైతే ఎప్పుడన్నా చెయ్యి.

వచ్చే వారం జగిత్యాల వస్తున్న, డాక్టర్ దగ్గరికి ఇద్దరం పోదాం. పొద్దటి గోళీ రాత్రికి మార్చొచ్చా, ఆటప్పుడు మబ్బు తగ్గుతదా అని నువ్వే అడగాలె, నేను అడగ. నీ బూట్ల నంబర్ ఎంతో మెసేజ్ పెట్టు. చెప్పులతోని దూకితే కాలు మడతపడ్తది.

ఇట్లు,
మీ పెద్దబాపు